సౌండ్ తగ్గిస్తే గిటారు ఎందుకు పీలబోతుంది?

మన కొడవలూరు హాస్టల్లో రాత్రి స్టడీ అవరు అయ్యాక వార్డెన్ సారు "సౌండ్ తగ్గించండిరా" అంటారు. తగ్గించగానే పాటలో గిటారు పీలగా వినిపిస్తుంది. పెట్టె చెడిందని మనవాళ్ళు దాన్ని తట్టడం మొదలుపెడతారు. తప్పు పెట్టెది కాదు, చెవిది.

గిటారు లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు, సన్న తీగ 330 సార్లు కంపిస్తాయి. శబ్దం తగ్గేకొద్దీ చెవి లావు స్వరాన్నే ఎక్కువగా వదిలేస్తుంది. 1933లో అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి చూపారు. అందుకే సౌండ్ తగ్గిస్తే బాస్ కొంచెం పెంచాలి. నేను రెండు రాత్రులు అలా చేసి చూశాను, పాట నిండుగా ఉంది, పడుకున్నవాళ్ళు లేవలేదు. వార్షికోత్సవం నాడు పెద్దగా పెడితే మాత్రం బాస్ తగ్గించాల్సిందే, లేకుంటే దడదడే తప్ప మాటలు వినపడవు.

ఎలక్ట్రిక్ గిటారుకి ఇంకో చిక్కుంది. దాని మీది వాల్యూమ్ నాబ్ తగ్గిస్తే సన్న స్వరాలు వైరు దగ్గరే తగ్గిపోయి మొద్దుగా మోగుతుంది. నాబ్‌కి చిన్న కెపాసిటర్ అతికిస్తే అవి దాని గుండా దాటిపోతాయి.

పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారిది కూడా ఎలక్ట్రిక్ వాద్యమే, జంట తీగలకు బదులు ఐదు ఒంటి తీగలు. ఆయన కచేరీ పెట్టినప్పుడు ఒకసారి పెద్దగా, ఒకసారి చిన్నగా విని, బాస్ నాబ్ తిప్పి చూడండి.