ట్రాక్టరు, ట్రాలీల విద్యుత్ వైరింగు: కొత్తగా నేర్చుకునే వారికి ప్రాథమిక పాఠం

వరి కోతల కాలంలో ధాన్యం ట్రాలీలు, క్రషింగు కాలంలో చెరకు ట్రాలీలు చీకటి పడిన తరువాత కూడా రహదారులపై తిరుగుతూనే ఉంటాయి. వెనుక దీపం వెలగని ట్రాలీ, దాని వెనుక వచ్చే వాహన చోదకునికి బాగా దగ్గరయ్యే వరకు కనిపించదు. వదులైన ఒక కలయిక గాని, చిలుము పట్టిన ఒక ఎర్త్ బోల్టు గాని ఇందుకు తరచుగా కారణమవుతుంది. ఇటువంటి లోపాన్ని తక్కువ ఖర్చుతో సరిచేయవచ్చును. అయితే కొలవకుండా ఊహతో విడిభాగాలు మార్చడం వలన డబ్బు వృథా అవుతుంది, లోపం అలాగే మిగులుతుంది. గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్తలకు, వ్యవసాయ ఇంజనీరింగు విద్యార్థులకు ఉపయోగపడే ప్రాథమిక అంశాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

వలయం - తిరుగు దారి

విద్యుత్తు బ్యాటరీ ధన ధ్రువం నుండి బయలుదేరి, దీపం గుండా సాగి, ఋణ ధ్రువానికి తిరిగి చేరినప్పుడే వలయం పూర్తవుతుంది. నేటి ట్రాక్టర్లలో సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. దాని ఋణ ధ్రువాన్ని ట్రాక్టరు ఇనుప దేహానికి కలుపుతారు. అందువలన దీపానికి వెళ్లే తీగ ఒక్కటే కంటికి కనిపిస్తుంది. తిరుగు దారి ఇనుము గుండా ఉంటుంది. వెళ్లే దారిని మాత్రమే పరీక్షించి తిరుగు దారిని మరచిపోవడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు.

ట్రాలీ విషయంలో ఈ పొరపాటు మరింత నష్టం కలిగిస్తుంది. ప్రత్యేక ఎర్త్ తీగ లేని ట్రాలీలో విద్యుత్తు హిచ్ పిన్ను గుండా తిరిగి రావలసి ఉంటుంది. అక్కడ గ్రీజు, తుప్పు, దుమ్ము చేరి మార్గం తెగుతూ కలుస్తూ ఉంటుంది. ఇండికేటరు వేసినప్పుడు ట్రాలీ వెనుక దీపం కూడా మసకగా మిణుకుమంటే, ట్రాలీ ఎర్త్‌ను ముందుగా అనుమానించాలి. సరైన దారి దొరకని విద్యుత్తు వెనుక దీపం తంతువు గుండా ఎదురు ప్రవహించి, అదే తీగకు కలిసిన ట్రాక్టరు పార్కింగు దీపాల ద్వారా ఎర్త్‌కు చేరడమే దీనికి కారణం. ఏడు పిన్నుల ట్రాలీ సాకెట్టులో 31 సంఖ్య గల పిన్ను ఎర్త్ కొరకే కేటాయించబడినది. దానికి ప్రత్యేక తీగను తప్పక కలపాలి.

తీగ మందం - వోల్టేజి నష్టం

బిందు సేద్యంలో లేటరల్ పైపు సన్నగా, పొడవుగా ఉన్న కొలదీ చివరి డ్రిప్పరు వద్ద నీటి ఒత్తిడి తగ్గుతుంది. తీగలోనూ ఇంతే. ఒత్తిడి స్థానంలో వోల్టేజిని, నీటి ప్రవాహం స్థానంలో కరెంటును, పైపు కలిగించే ఆటంకం స్థానంలో నిరోధాన్ని ఊహించుకోవచ్చును. వోల్టేజి నష్టం కరెంటు, నిరోధాల లబ్ధానికి సమానం.

ఉదాహరణకు, ట్రాలీకి 21 వాట్ల బ్రేకు దీపాలు రెండు ఉన్నాయనుకుందాం. మొత్తం 42 వాట్లు. 12 వోల్టుల వద్ద కరెంటు 3.5 ఆంపియర్లు. బ్యాటరీ నుండి దీపానికి 8 మీటర్లు, తిరుగు తీగ 8 మీటర్లు, మొత్తం 16 మీటర్లు. ఒక చదరపు మిల్లీమీటరు మందం గల రాగి తీగకు మీటరుకు నిరోధం సుమారు 0.017 ఓములు. ఈ లెక్కన వోల్టేజి నష్టం సుమారుగా ఇలా ఉంటుంది:

- 0.5 చ.మి.మీ. తీగ: 1.9 వోల్టులు
- 1.0 చ.మి.మీ. తీగ: 1.0 వోల్టు
- 1.5 చ.మి.మీ. తీగ: 0.6 వోల్టులు

తంతువు బల్బు వెలుగు వోల్టేజి కంటె వేగంగా తగ్గుతుంది. సుమారు 2 వోల్టులు తగ్గితే వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి ట్రాలీ వైరింగులో సన్నని తీగ వాడి ఆదా చేయడం ప్రమాదకరం.

ఫ్యూజు కాపాడేది తీగను

ఫ్యూజు దీపం కొరకు ఉన్నదని చాలామంది భావిస్తారు. నిజానికి అది కాపాడేది తీగను. 60 వాట్ల హెడ్‌లైట్లు రెండింటికి సుమారు 10 ఆంపియర్ల కరెంటు అవసరం. 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది, తీగ కూడా అంతటి కరెంటును వేడెక్కకుండా మోయగలగాలి. ఫ్యూజును బ్యాటరీకి వీలైనంత దగ్గరగా అమర్చాలి. ఫ్యూజు పదే పదే పోతున్నదని దాని స్థానంలో రాగి తీగ గాని, సిగరెట్టు పెట్టెలోని రేకు గాని చుట్టితే, తీగ ఎక్కడైనా ఇనుముకు తగిలినప్పుడు ఫ్యూజుకు బదులు తీగే కాలుతుంది. డీజిలు, ఎండుగడ్డి దగ్గర ఉన్న యంత్రంలో ఇది అగ్నిప్రమాదానికి దారితీస్తుంది.

హెడ్‌లైట్ల వంటి ఎక్కువ కరెంటు తీసుకునే పరికరాలకు రిలే వాడితే స్విచ్చుపై భారం తగ్గుతుంది. రిలేలో 85, 86 కొనలు కాయిలుకు, 30 బ్యాటరీ నుండి వచ్చే తీగకు, 87 పరికరానికి చెందినవి.

లోపం కనుగొనే క్రమం

1. ముందుగా కంటితో చూడాలి. షెడ్డులో నిలిపిన ట్రాక్టరులో ఎలుకలు కొరికిన తీగలు, రాపిడికి గురైన చోట్లు, చిలుము పట్టిన కొనలు గమనించాలి.
2. ఇంజను ఆపి కొన్ని గంటలైన తరువాత బ్యాటరీ వోల్టేజి కొలవాలి. పూర్తి చార్జింగు ఉంటే సుమారు 12.6 వోల్టులు, 12.0 వద్ద చాలావరకు ఖాళీ అయినట్లు. ఇంజను నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుండి 14.4 వోల్టుల మధ్య ఉండాలి.
3. ఫ్యూజును, దాని పట్టును పరీక్షించాలి.
4. బల్బును అమర్చి, స్విచ్చు వేసిన స్థితిలోనే హోల్డరు వద్ద కొలవాలి. బల్బు తీసివేసి కొలిస్తే, చిలుము పట్టిన కలయిక గుండా కూడా మీటరు 12 వోల్టులు చూపి మోసగిస్తుంది. మీటరుకు చాలినంత కరెంటు బల్బుకు చాలదు.
5. దీపం వేసి ఉంచి, మీటరు నల్ల తీగను బ్యాటరీ ఋణ ధ్రువానికి, ఎర్ర తీగను హోల్డరు ఎర్త్‌కు తాకించాలి. ట్రాక్టరు దీపాల వద్ద 0.2 వోల్టులు, పొడవైన ట్రాలీ తీగ చివర 0.5 వోల్టులు మించితే ఎర్త్ మార్గాన్ని శుభ్రపరచాలి. 12 వోల్టులకు దగ్గరగా చూపితే ఎర్త్ పూర్తిగా తెగినట్లు గ్రహించాలి.

శిక్షణలో చేయించదగిన అభ్యాసం

చెక్క పలకపై బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చు, రిలే, రెండు బల్బులతో వలయం అమర్చాలి. ఒక ఎర్త్ కొన కింద పెయింటు పూసి బిగించి, లోపమెక్కడ ఉన్నదో అభ్యాసకులచే మీటరుతో కనుగొనజేయాలి. ఏ భాగాన్నీ విప్పక ముందే వారు కొలతల ఆధారంగా కారణం చెప్పగలగాలి.

జాగ్రత్తలు

- బ్యాటరీ విప్పేటప్పుడు ఋణ కొనను ముందుగా తీయాలి, బిగించేటప్పుడు చివరగా బిగించాలి. లేనిచో పానా ధన కొనకు, ఇనుముకు ఒకేసారి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.
- చార్జింగు సమయంలో వెలువడే హైడ్రోజను మండే వాయువు. సమీపంలో నిప్పు ఉంచరాదు.
- ఇంజను నడుస్తుండగా బ్యాటరీ కొనలు తీయరాదు, ఆల్టర్నేటరు పాడవుతుంది. ట్రాక్టరుపై గాని, దానికి తగిలించి ఉన్న ట్రాలీపై గాని వెల్డింగు చేసే ముందు బ్యాటరీ, ఆల్టర్నేటరు తీగలను వేరుచేయాలి.
- తీగలను మెలిపెట్టి టేపు చుట్టడం కుదుపులకు నిలవదు. సరైన లగ్గులు నొక్కి బిగించి, రక్షణ తొడుగు వేయాలి.

ముగింపు

చూడడం, కొలవడం, ఆ తరువాతనే విప్పడం అనే క్రమం అలవడిన అభ్యాసకుడు ఖరీదైన పరికరాలు లేకుండానే సామాన్య లోపాలను సరిచేయగలడు. సాయంత్రం ట్రాక్టరు రోడ్డెక్కే ముందు, ఇద్దరు కలిసి ట్రాలీ బ్రేకు, ఇండికేటరు, వెనుక దీపాలను ఒక్క నిమిషం పరీక్షించే అలవాటును ప్రతి శిక్షణ కార్యక్రమంలోనూ నేర్పించాలి.