పోటీ పరీక్షల ప్రత్యేకం: ప్రధాని పేరుతో ఐదేళ్ల ప్రావిన్స్

కంబోడియాలోని బట్టంబాంగ్, సియెమ్ రీప్ ప్రాంతాలను సియామ్ (నేటి థాయ్‌లాండ్) 1907లో ఫ్రాన్స్‌కు వదులుకుంది. 1940లో జర్మనీ చేతిలో ఫ్రాన్స్ ఓడిపోగానే, థాయ్ ప్రధాని ప్లేక్ పిబున్‌సోంగ్‌క్రామ్ పాత భూములు తిరిగిమ్మన్నాడు. యుద్ధం తప్పలేదు. 1941 జనవరి 17న కో చాంగ్ నౌకాయుద్ధంలో నెగ్గింది ఫ్రాన్సే. లాభపడింది మాత్రం థాయ్‌లాండ్! జపాన్ మధ్యవర్తిత్వమే అందుకు కారణం. మే 9న టోక్యోలో ఒప్పందం కుదిరింది.

దక్కిన భూమిలో సియెమ్ రీప్ వైపు భాగానికి పదవిలో ఉన్న ప్రధాని పేరే పెట్టేశారు: పిబున్‌సోంగ్‌క్రామ్ ప్రావిన్స్. విచిత్రమేమిటంటే, అంగ్‌కోర్ వాట్, సియెమ్ రీప్ పట్టణం ఫ్రెంచివారి దగ్గరే ఉండిపోయాయి. పరీక్షలో అభ్యర్థులు తడబడేది ఇక్కడే.

జపాన్ ఓటమితో లెక్క తిరగబడింది. 1946 నవంబరు 17 నాటి వాషింగ్టన్ ఒప్పందంతో ప్రావిన్స్ రద్దయింది. అదే ఏడాది డిసెంబరు 16న థాయ్‌లాండ్ ఐక్యరాజ్యసమితిలో చేరింది.