బిగించిన పిడికిలి

పాఠ్యభాగము: సామెతలు 16:32



పట్టణమును గెలుచుటకంటె తన కోపమును గెలుచుట గొప్పదని ఈ పాఠ్యభాగము మనకు బోధించుచున్నది. అయితే పదునాలుగేండ్ల పిల్లవానికి దీనిని నేర్పుట ఎట్లు? గద్దించినంత మాత్రమున వచ్చునా?

అమెరికాలోని చికాగో నగరమున దక్షిణ, పశ్చిమ భాగములందు బీదల పేటలు అనేకము గలవు. అక్కడ చిన్న తగవు తుపాకి వరకు పోయి బాలుర ప్రాణములు తీయుట కలదు. ఆ పేటల బడులలో 'బికమింగ్ ఎ మ్యాన్' అను కార్యక్రమము జరుగుచున్నది. అందులో మొదటి పాఠము ఒక ఆట. ఇద్దరిలో ఒకని చేతికి బంతి నిచ్చి, ముప్పది సెకనులలో దానిని తీసికొనుమని రెండవవానికి చెప్పుదురు. దాదాపు అందరును పిడికిలి విప్పుటకు పెనుగులాడుదురు. ఇమ్మని ఎందుకు అడుగలేదని ఉపదేశకుడు ప్రశ్నించును. అడిగినను ఇయ్యడని వారి తలంపు. బంతి పట్టినవానిని విచారించగా, అడిగియుంటే ఇచ్చియుందునని చెప్పును! ఎదుటివాని మనస్సును మనమే ఊహించుకొని, ఆ ఊహతో పోరాడుచున్నామన్నమాట.

2009-10 విద్యాసంవత్సరమున 18 బడులలో 2,740 మంది బాలురను చీట్లు వేసినట్లు విభజించి దీనిని పరీక్షించిరి. కొందరికి వారమునకొక గంట కూటము, కొందరికి బడి విడిచిన పిమ్మట కుస్తీ, బాక్సింగ్, విలువిద్య వంటి ఆటలు, కొందరికి రెండును ఏర్పరచిరి. పాల్గొనినవారిలో హింసా నేరములకై అరెస్టగుట 44 శాతము తగ్గెను. బడి చదువు ముగించినవారును హెచ్చిరి. అయితే కార్యక్రమము ముగిసిన పిమ్మట అరెస్టుల విషయమున ఆ తేడా నిలువలేదు. నీరు కట్టిన దినములే మడి పచ్చగానుండును గదా!

మన గ్రామములలో తుపాకులు లేవు. కాని సెల్‌ఫోనులో వచ్చిన ఒక్క మాటకు కఱ్ఱలు లేచుట మనమెరుగుదుము. కాబట్టి మూడు పనులు చేయుదము. సాయంకాలము వాలీబాలుకో కబడ్డీకో స్థలము చూపి, ఒక పెద్దను తోడుంచుదము. తగవు వచ్చినప్పుడు ఆట నిలిపి, "వాడెందుకు చేసెనో అడిగితివా?" అని నెమ్మదిగా ప్రశ్నింతము. క్రిస్మసుకు పాటలు నేర్పుటకు పిలిచి, జనవరిలో మరచిపోక, ఏడాది పొడవున వారిని కూర్చుదము.

ఇంట మాటలాడుకొనుటకు: ఈ వారము మనము అడుగకయే కోపపడిన సందర్భమేది? మన పిల్లల సాయంకాలములు ఎవరి నడుమ గడచుచున్నవి?