క్వాడ్ ఆంప్లిఫయర్లు విప్పుతూ నేర్చుకున్నవి

కోఠీ గుజరాతీ గల్లీ చుట్టుపక్కల టంకం పొగ పీలుస్తూ బతికినవాణ్ణి. మైక్ సెట్లు, రేడియోలు, టేప్‌రికార్డర్లు, ఏది చేతికొస్తే అది బాగుచేశాను. ఇంగ్లండులో పైచదువులు చదివి తిరిగొచ్చిన డాక్టర్లు కొందరు తెచ్చుకున్న సామానులో ‘క్వాడ్’ అని రాసున్న ఆంప్లిఫయర్లు ఉండేవి. పైకి గొప్పగా ఏమీ కనపడవు. విప్పితే మాత్రం, చేసినవాడు ఎంత ఆలోచించి చేశాడో లోపలి వైరింగు చూడగానే తెలిసిపోయేది. పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళకు ఆ కంపెనీ కథే చెప్పేవాణ్ణి. ఇప్పుడు పని మానేశాను కనక రాసి పెడుతున్నాను.

1. మైకు పనిని చిన్నచూపు చూడొద్దు

పీటర్ వాకర్ 1936లో లండన్‌లో కంపెనీ పెట్టేనాటికి ఇరవై ఏళ్ళవాడు. అప్పుడు చేసినవి సభలకూ సమావేశాలకూ కావలసిన మైకు ఆంప్లిఫయర్లు. కంపెనీ పేరు అకౌస్టికల్ మాన్యుఫాక్చరింగ్. యుద్ధంలో బాంబులు పడి లండన్ చోటు పోయింది. 1941లో హంటింగ్డన్ అనే చిన్న ఊరికి మకాం మార్చి అక్కడే స్థిరపడ్డారు. ఇళ్ళల్లో పాటలు వినేవాళ్ళ కోసం చేయడం యుద్ధం తర్వాతి సంగతి. ‘క్వాడ్’ అన్నది మొదట ఇంటివాడకం ఆంప్లిఫయర్‌కి పెట్టిన పేరు. జనం ఆ పేరే పట్టుకున్నారు. 1983లో కంపెనీ కూడా ఆ పేరే పెట్టుకుంది.

మైకు పనివాడికి సంగీతం ఏం తెలుసు అనేవాళ్ళను చాలామందిని చూశాను. వాకర్ ఫ్లూట్ వాయించేవాడు కూడా. కానీ గంటలకొద్దీ ఆగకుండా పనిచేసే సామాను ఎలా కట్టాలో నేర్పింది ఫ్లూటు కాదు, మైకు పనే.

2. ఎన్ని వాట్లు అని అడిగేముందు, ఏ స్పీకరుకు అని అడుగు

1953లో వచ్చిన క్వాడ్ టూ ఇచ్చేది 15 వాట్లు. ఇప్పటి కుర్రాళ్ళు వింటే నవ్వుతారు, కానీ అప్పటి స్పీకర్లకు అది చాలు. రెండు కేటీ66 వాల్వులు, రెండు ఈఎఫ్86లు, ఒక రెక్టిఫయర్ వాల్వు, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు. సర్క్యూటు మొత్తం చిన్న కాగితం మీద పట్టేస్తుంది. దాని బలమంతా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉంది. అందులో విడిగా చుట్టిన ఒక వైండింగు కేటీ66ల కాథోడ్లకు పోతుంది. వక్రీకరణను అది అక్కడికక్కడే తగ్గిస్తుంది.

రిపేరుకు వచ్చినప్పుడు నా చెయ్యి ముందు పోయేది 180 ఓముల రెసిస్టరు మీదికి. రెండు కేటీ66లకూ కలిపి అదొక్కటే. అది నల్లబడి, రంగు చారలు కనపడకుండా పోయిందంటే దోషం దానిది కాదు. పైనున్న కప్లింగ్ కండెన్సర్లు లీకవుతుంటాయి. వాల్వులు లాగకూడనంత కరెంటు లాగుతుంటాయి. కొత్త రెసిస్టరు వేసి పంపితే నెల తిరక్కుండా మళ్ళీ వస్తుంది. కాలిందాన్ని మార్చడం సగం పనే, కాల్చిందేదో పట్టుకోవాలి.

3. కొత్తది అమ్మడానికి పాతదాన్ని చంపక్కర్లేదు

1958లో స్టీరియో ప్లేట్లు వచ్చాయి. క్వాడ్ టూ మోనో సరుకు. ఇంకో కంపెనీ అయితే ఉన్నది తీసేసి మా కొత్త మోడల్ కొనండి అనేది. వీళ్ళు మరుసటేడు ‘22’ అనే స్టీరియో కంట్రోల్ యూనిట్ తెచ్చారు. ఇంట్లో ఉన్న క్వాడ్ టూకి జతగా ఇంకొకటి కొనుక్కుంటే చాలు. తాము చేసిన ఎంత పాత సామానునైనా హంటింగ్డన్ సర్వీసు విభాగం బాగుచేసి ఇచ్చేది. మా బోటి వాళ్ళకు అన్నం పెట్టేది ఇలాంటి కంపెనీలే.

4. పదునైన ఆలోచనకు ఓపికే పెట్టుబడి

అసలు చెప్పాల్సింది క్వాడ్ వారి ఈఎస్ఎల్, అంటే ఎలక్ట్రోస్టాటిక్, స్పీకర్ల గురించి. మనకు తెలిసిన స్పీకరులో కాగితపు కోను, కాయిలు, అయస్కాంతం ఉంటాయి. దీనిలో అవేమీ లేవు. చిల్లులున్న రెండు పలకల మధ్య అతి పల్చని ప్లాస్టిక్ పొర బిగించి, దానికి వేల వోల్టుల చార్జి ఇస్తారు. పాట సిగ్నలు పలకలకు అందుతుంది. అవి పొరను ఇటూ అటూ లాగుతాయి. పొర బరువు దాదాపు ఏమీ లేదు కనక, సిగ్నలు ఆగగానే అదీ ఆగుతుంది. కాగితపు కోను ఇంకాసేపు ఊగుతుంది. తేడా అంతా అక్కడే.

ఈ సూత్రం కొత్తది కాదు. శబ్దం మొత్తాన్నీ, బేసుతో సహా, దీంతోనే పలికించి మామూలు ఇంట్లో పెట్టుకునేలా చేయడమే ఎవరివల్లా కాలేదు. వాకర్, డి.టి.ఎన్. విలియమ్సన్ కలిసి ఆ పని చేశారు. 1947లో ప్రసిద్ధి పొందిన విలియమ్సన్ ఆంప్లిఫయర్ ఈయనదే. స్పీకరు 1957లో అమ్మకానికొచ్చింది. చూస్తే రూమ్ హీటరు నిలబడ్డట్టు ఉంటుంది. మనిషి గొంతు, వీణ, వయొలిన్ దాని మీద విన్నవాడికి తర్వాత పెట్టె స్పీకర్లలో విన్న గొంతు జలుబు చేసినట్టే తోస్తుంది. గట్టిగా వాయించాలన్నా, గుండె అదిరే బేసు కావాలన్నా మాత్రం ఇది పనికిరాదు. పెళ్ళి పందిరికి అసలే కాదు.

దాని తమ్ముడు ఈఎస్ఎల్-63. ఆ 63 అంటే పని మొదలుపెట్టిన సంవత్సరం, 1963. బజారుకొచ్చింది 1981లో. మధ్యలో పద్దెనిమిదేళ్ళు! పలకను ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు చేసి, నడిమి దానికి ముందు, బయటివాటికి క్రమంగా ఆలస్యంగా సిగ్నలు పంపారు. దాంతో శబ్దం అంత వెడల్పు పొర నుంచి కాక, దాని వెనక అడుగు దూరంలో ఉన్న ఒక్క బిందువు నుంచి వస్తున్నట్టు చెవికి అనిపిస్తుంది. పండక్కొక మోడల్ మార్చే ఈ రోజుల్లో ఒక స్పీకరు మీద అన్నేళ్ళు కూర్చునే యజమాని దొరకడు. అందులో కొంత మొండితనం కూడా ఉందని నా అభిప్రాయం.

5. గుడ్డి పరీక్షకు భయపడేది సరుకు కాదు

వాల్వులా, ట్రాన్సిస్టర్లా అన్న తగవు అప్పుడూ ఉంది. 1978లో జేమ్స్ మోయర్ అనే ఇంజినీరు క్వాడ్ వారి మూడు తరాల ఆంప్లిఫయర్లను పరీక్షకు పెట్టాడు: వాల్వుల క్వాడ్ టూ, ట్రాన్సిస్టర్ల 303, అప్పటికి కొత్తదైన 405. ఏది మోగుతోందో అనుభవమున్న శ్రోతలకు చెప్పకుండా వినిపిస్తే ఎవరూ నమ్మకంగా తేడా పట్టలేకపోయారు. కొత్తది గొప్పదని చెప్పుకుంటే నాలుగు ఎక్కువ అమ్ముడుపోయేవి. వాకర్ మాత్రం, ఆంప్లిఫయర్ సరిగ్గా చేస్తే దాని సొంత గొంతు వినపడకూడదనే వాదించాడు. తీగ మారిస్తే పాట మారుతుందని వేలు గుంజే వాళ్ళు కనపడితే నేను ఈ పరీక్ష సంగతే చెబుతాను.

6. తిప్పడానికి స్క్రూ లేకపోతే చెడగొట్టడానికీ ఉండదు

303లో అమరికకు స్క్రూలా తిప్పే ప్రీసెట్లు ఉంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ అవి పక్కకు జరుగుతాయి. 1975 నాటి 405లో అవి లేనే లేవు. చిన్న ఆంప్లిఫయరొకటి నాణ్యత చూసుకుంటుంది, పెద్ద ట్రాన్సిస్టర్లు బరువు మోస్తాయి. పెద్దవాటి తప్పును చిన్నది సరిదిద్దేలా సర్క్యూటు అమర్చారు. కరెంట్ డంపింగ్ అన్నారు దాన్ని. 1978లో దానికి అప్పట్లో బ్రిటన్ రాణి పేర ఇచ్చే సాంకేతిక పురస్కారం వచ్చింది.

ఒక హెచ్చరిక. 405 ఇచ్చే వోల్టేజీని 1957 నాటి ఈఎస్ఎల్ తట్టుకోలేదు. లిమిటర్ పెట్టకుండా తగిలించి పెంచితే మధ్యనున్న ట్రెబుల్ ప్యానెల్‌లో నిప్పురవ్వ ఎగిరి, సూదిమొన అంత నల్లచుక్క పడుతుంది. ఆ ప్యానెల్ ఇక దండగే. ఒకే కంపెనీ సరుకు కదా అని కళ్ళు మూసుకుని కలపకూడదు.

7. నిదానానికీ బిల్లు వస్తుంది

సీడీలూ రిమోట్లూ వచ్చిపడ్డాక హంటింగ్డన్ నడక సరిపోలేదు. 1995లో వెరిటీ గ్రూపు కొనేసింది. 1997లో ఐఏజీ అనే కంపెనీ చేతికి పోయింది, తయారీ చైనాకు చేరింది. ఈఎస్ఎల్ స్పీకర్లు అక్కడా చేశారు, బాగానే చేశారు. వాకర్ 2003లో పోయాడు. మంచి సరుకు చేస్తే కంపెనీ దానంతటదే నిలుస్తుందని కుర్రాళ్ళకు నేనెప్పుడూ చెప్పలేదు.

8. అటక మీదున్నదాన్ని దించేముందు

మీ ఇంట్లో తాతగారో మామయ్యగారో తెచ్చిన పాత క్వాడ్ ఉంటే వెంటనే ప్లగ్గులో పెట్టకండి. వాల్వుల ఆంప్లిఫయరైతే ముందు కండెన్సర్లు చూపించండి. ఈఎస్ఎల్ స్పీకరైతే స్విచ్చి తీసినా చాలాసేపు లోపల వేల వోల్టులు నిలిచి ఉంటాయి, మూత తీయడానికి మీరు పూనుకోవద్దు. మన దుమ్ముకి, కోస్తా తేమకి ఆ ప్యానెళ్ళు చిటపటలాడతాయి. అందుకని స్పీకర్లే పోయాయనుకోనక్కర్లేదు, 1957 రకానికి కొత్త ప్యానెళ్ళు జర్మనీలో చేస్తున్నారు. ఇక కేటీ66 వాల్వుల మీద జీఈసీ అన్న అక్షరాలుంటే వాటికి ఇవాళ లోకమంతా గిరాకీ. పాత సామాన్లవాడికి మాత్రం తూకానికి వేయకండి.