రాయిలో దాగిన గుల్లలు

సముద్రంలో చేపలు, రొయ్యలు ఉంటాయని మనకు తెలుసు. కంటికి ఆనని జీవులు కూడా అక్కడ కోట్లకొద్దీ ఉన్నాయి. వాటిలో ఒక రకం పేరు ఫోరమినిఫెరా. పేరు కాస్త కష్టమే. కూడబలుక్కుని చదవండి: ఫో-ర-మి-ని-ఫె-రా.

దాని ఒళ్ళంతా ఒకే ఒక్క కణం. చాలా రకాలు ఆవగింజ కంటే చిన్నవి. అయినా ఇల్లు కట్టుకుంటాయి! సముద్రపు నీటిలోని సున్నంతో గుల్ల చేసుకుంటాయి. గుల్లలో చిన్న చిన్న గదులు ఉంటాయి.

జీవి చచ్చిపోతే మెత్తటి భాగం కుళ్ళిపోతుంది. గుల్ల మెల్లగా అడుగుకు దిగుతుంది. అన్ని గుల్లలూ మిగలవు. కొన్ని అలల తాకిడికి పగిలిపోతాయి. నాలుగైదు కిలోమీటర్ల లోతున చల్లటి నీళ్ళు సున్నాన్ని కరిగించేస్తాయి. అక్కడ గుల్ల ఆనవాలే ఉండదు. త్వరగా బురద కప్పితే గుల్ల దక్కుతుంది.

బురద కప్పాక కూడా మార్పు ఆగదు. ఉప్పునీళ్ళు కాచిన గిన్నెలో తెల్లపొర కడుతుంది కదా! మట్టిలో ఊరే నీటిలోనూ సున్నం ఉంటుంది. వేడి లేకపోయినా అది ఏళ్ళ తరబడి గుల్ల గదుల్లో పేరుకుంటుంది. గదులు నిండి గుల్ల రాయవుతుంది. ఒక్కోసారి గుల్లే కరిగిపోతుంది. లోపల గట్టిపడిన బురద మాత్రం మిగులుతుంది. రేకులోంచి తీసిన ఇడ్లీకి గుంట ఆకారం ఉన్నట్టు, దానికి గుల్ల ఆకారం ఉంటుంది. గాలి అందని బురదలో ఇనుము, గంధకం కలిసి గుల్లలో చేరతాయి. అప్పుడది బంగారంలా మెరుస్తుంది. బంగారం మాత్రం కాదు సుమా! ఇలా మిగిలినవాటినే శిలాజాలు అంటారు.

ఈజిప్టు పిరమిడ్ల రాళ్ళలో ఈ జాతివే పెద్ద గుల్లలు ఉన్నాయి. పాతకాలం కూలీలు తినగా మిగిలిన పప్పులే రాళ్ళయ్యాయని అక్కడ చెప్పుకునేవారట. రెండు వేల ఏళ్ళ కిందట స్ట్రాబో అనే గ్రీకు పండితుడు ఈ మాట రాశాడు.

మన రాజమండ్రి దగ్గర గౌరీపట్నంలో నల్లరాయి క్వారీలు ఉన్నాయి. ఆ నల్లరాయి ఒకప్పటి లావా. అంటే భూమిలోంచి పొంగి, పారి, గట్టిపడిన రాయి. రెండు లావా పొరల మధ్య సున్నపురాయి ఉంది. అందులో ఈ గుల్లలు దొరికాయి. సముద్రం అక్కడిదాకా ఉండేదన్నమాట! గెర్టా కెల్లర్ అనే మహిళా శాస్త్రవేత్త, మరికొందరు శాస్త్రవేత్తలు కలిసి 2008లో ఈ సంగతి ప్రకటించారు. రాయిని కాగితం కన్నా పలచగా అరగదీసి, సూక్ష్మదర్శినిలో పెట్టి ఇలాంటి గుల్లలను చూస్తారు. అవి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందటివి. రాక్షస బల్లులు అంతరించిన కొద్దికాలానికే బతికిన రకాలు.

ఆ బల్లులు ఎందుకు పోయాయి? లావా వల్లనా? ఆకాశం నుంచి పడ్డ పెద్ద రాయి వల్లనా? వాదన ఇంకా తెగలేదు. పిసరంత గుల్లలే దానికి సాక్షులు. క్రషర్‌లో పడ్డాయంటే సాక్షులు కూడా కంకరే!

చేసి చూడండి: గుడ్డు పెంకు కూడా సున్నపుదే. దాన్ని నిమ్మరసంలో వేయండి. బుడగలు వస్తాయి. రాత్రంతా ఉంచి, పెంకు ఎంత కరిగిందో పొద్దున చూడండి.