కురువిందం అంటే కెంపా, సానరాయా? అమ్మవారి కిరీటంలో ఉన్న మాట

శ్రీ లలితా సహస్రనామం చదివేటప్పుడు ఈసారి పధ్నాలుగో నామం దగ్గర ఒక్క క్షణం ఆగండి. అమ్మవారి కిరీటాన్ని వర్ణించే నామం అది. వరుసలుగా పొదిగిన కురువింద మణులతో ఆ కిరీటం మెరిసిపోతోందని భావం. వేగంగా చదివేటప్పుడు చాలామందికి అది "అరవింద" అన్నట్టు వినిపిస్తుంది. అరవిందం అంటే తామరపువ్వు. ఇక్కడ ఉన్నది "కురువింద", రాయి పేరు.

సరే, ఏ రాయి? ఇక్కడే అసలు సందేహం వస్తుంది. స్తోత్ర వ్యాఖ్యానాలు చూస్తే కెంపు, పద్మరాగం జాతి అంటాయి. భూగర్భశాస్త్రం పుస్తకం చూస్తే కురువిందం అంటే లోహాన్ని అరగదీసే గట్టి రాయి, ఎమెరీ పేపర్ మీద ఉండే గరుకు పొడి లాంటిది. అమరకోశం చూస్తే తుంగముస్తె అనే గడ్డి! అమ్మ తలమీద ఉన్నది మణా, అరగదీసే రాయా?

నెల్లూరు వైపు నుంచి చూస్తే ఈ మాట బాగా అర్థమవుతుంది. బుచ్చిరెడ్డిపాలెం మండలంలోనే పెన్నా ఒడ్డున జొన్నవాడ ఉంది. మల్లికార్జునస్వామి, కామాక్షితాయి కొలువైన క్షేత్రం. చుట్టూ వరిపొలాలు. ఆ పొలాల్లో రైతు తీసీ తీసీ విసిగిపోయే కలుపు తుంగ. గుళ్లో చదివే నామంలో కురువిందం మణి, గుడి బయట పొలంలో కురువిందం గడ్డి. సంస్కృతంలో ఒకే మాట రెండింటికీ నడిచింది. ఏది ఎక్కడో సందర్భమే చెప్పాలి. ఇక్కడ "మణి" అన్న మాట పక్కనే ఉంది కాబట్టి గడ్డి సంగతి పక్కన పెట్టేయొచ్చు.

ఇక మిగిలింది కెంపు, సానరాయి. ఇవి రెండు వేరు వేరు రాళ్లు కావు. రెండూ ఒకే ఖనిజం, అల్యూమినియం ఆక్సైడ్. స్వచ్ఛంగా ఉంటే రంగే ఉండదు. కొద్దిగా క్రోమియం కలిస్తే ఎర్రబడి కెంపు అవుతుంది. ఇనుము, టైటానియం కలిస్తే నీలం అవుతుంది. రంగూ మెరుపూ లేకుండా మసకగా దొరికితే పొడిచేసి సాన పట్టడానికి వాడతారు. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద వజ్రానికి 10, కురువిందానికి 9. ఖరీదైన వాచీల మీద "సఫైర్ గ్లాస్" అని రాస్తారు కదా, అది కూడా ఫ్యాక్టరీలో తయారుచేసిన ఇదే పదార్థం.

మన సానవాళ్లు కురువిందం పొడిని లక్కతో కలిపి చక్రం చేసి, దాని మీద రత్నాలకు పట్టు తీర్చేవాళ్లు. కెంపుని అరగదీయాలంటే కెంపంత గట్టి రాయి కావాలి. "సానపెట్టిన రత్నం" అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, ఆ సానలో ఉన్నదీ, రత్నంలో ఉన్నదీ ఒకటే.

దీనికి పాత సాక్ష్యం కూడా ఉంది. 1728 నాటి జాన్ వుడ్‌వర్డ్ అనే ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త రాళ్ల జాబితాలో మద్రాసు వైపు నుంచి వెళ్లిన రెండు రకాల కురువిందాలు కనిపిస్తాయి. ఒకదాని పేరు "నెల్ల", ఇంకోదాని పేరు "తెల్ల". చూడగానే మన నలుపు, తెలుపు గుర్తొస్తాయి! మొదటిది వరిపొలాల్లో ఎలుకలు తవ్విపోసిన మట్టిలో దొరుకుతుందనీ, ఇనుముకి మెరుగు పెడతారనీ ఉంది. రెండోదానితో కెంపులకి మెరుగు పెడతారట. ఇంగ్లీషులో ఇప్పుడు వాడే "కొరండం" మన దక్షిణాది భాషల నుంచి వెళ్లిన మాటే.

దీన్ని బట్టి "మన పూర్వులకి కెమిస్ట్రీ అంతా ముందే తెలుసు" అని షేర్ చేసేయకండి. మాట ఒకటే అయినంత మాత్రాన అల్యూమినియం తెలిసినట్టు కాదు. తెలిసింది చేతిపనివాళ్లకి, చేత్తో పట్టుకుని, అరగదీసి చూసి. వరాహమిహిరుడి బృహత్సంహిత కూడా పద్మరాగాలు పుట్టే మూడు మూలాల్లో కురువిందాన్ని ఒకటిగా లెక్కపెట్టింది. అది జాగ్రత్తగా చూసిన కళ్ల తెలివి. దానికి గౌరవం ఇవ్వడానికి లేనిది కలపక్కర్లేదు.

ఇంకో మాట. ఈ నామం చూపించి "కెంపు ఉంగరం పెట్టుకుంటేనే అమ్మ కరుణ" అని ఎవరైనా అమ్మబోతే నమ్మకండి. నామం చెప్పేది అమ్మ రూపం గురించి, మన వేలి గురించి కాదు.

మరి ఎలా ధ్యానించాలి? నామాల వరుస చూడండి. పన్నెండోది అమ్మ ఎర్రని కాంతిలో విశ్వమంతా మునిగి ఉందంటుంది. పదమూడోది జడలో పూలు చూపిస్తుంది. పధ్నాలుగోది కిరీటం. ఆ తర్వాతది నుదురు. పై నుంచి కిందికి చూపు దిగుతూ వస్తుంది. పూలు సాయంత్రానికి వాడిపోతాయి, వాటి పక్కనే అరగని రాయి. రెండూ అమ్మ తలమీదే ఉన్నాయి.

రేపు చదివేటప్పుడు "కురువింద" దగ్గర తొందరపడకుండా, నాలుగు అక్షరాలూ విడివిడిగా పలికి, ఎర్రని ఆ మెరుపుని ఒకసారి మనసులో చూసి ముందుకి వెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్లు ఈ మాటని ఎలా పలుకుతారో, ఏ అర్థం చెబుతారో కూడా అడిగి చూడండి.

శ్రీ మాత్రే నమః.