ఆ తర్వాత ఏమైంది? – ఒక ఎముకల డాక్టర్ నేర్పిన లెక్క

(హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్)



మన హాస్టల్లో రిజిస్టర్లకు కొదవ లేదు. హాజరు రిజిస్టర్, స్టాక్ రిజిస్టర్, కాస్మెటిక్ ఛార్జీల రిజిస్టర్. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు వార్డెన్ సార్ నాకు అప్పగించింది జ్వరాల రిజిస్టర్. అందులో నాలుగే గడులు: తేదీ, పేరు, జబ్బు, ఇచ్చిన మాత్ర. దస్తూరి బాగుందని సార్ మెచ్చుకుంటే పొంగిపోయేవాణ్ణి. ఆ రిజిస్టర్లో ఒక గడి తక్కువైందని పీజీలో చేరాక గానీ నాకు తెలియలేదు. ఆ గడి పేరు "ఆ తర్వాత ఏమైంది?"

నేను ఇంటర్ చదివేటప్పుడు మా నాన్న పరంజా మీంచి పడ్డాడు. నాన్నది తాపీ పని. తొడ ఎముక విరిగితే ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. డిశ్చార్జి చీటీ ఇచ్చి పంపారు. కాలు కాస్త పొట్టిదై, నాన్న ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. పరంజా ఎక్కలేడు కాబట్టి కూలీ సగమైంది. నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. కానీ ఏడాది తర్వాత "ఎలా నడుస్తున్నావయ్యా?" అని అడిగినవాళ్లు లేరు. ఆస్పత్రి కాగితాల్లో నాన్న నయమై వెళ్లినవాడే. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

కాడ్మన్ కార్డు

ఎర్నెస్ట్ అమోరీ కాడ్మన్ (1869–1940) అమెరికాలోని బోస్టన్ నగరంలో సర్జన్. భుజం కీలు మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఆయన చెప్పిన మాట చాలా చిన్నది. ప్రతి ఆస్పత్రీ ప్రతి రోగినీ తగినంత కాలం కనిపెట్టి చూడాలి, చేసిన వైద్యం ఫలించిందో లేదో తెలుసుకోవాలి, ఫలించకపోతే ఎందుకో వెతకాలి. ఇందుకోసం ఒక్కో రోగికి ఒక కార్డు పెట్టాడు. వచ్చినప్పటి బాధ, గుర్తించిన జబ్బు, చేసిన వైద్యం, మధ్యలో వచ్చిన చిక్కులు, ఏడాది తర్వాత పరిస్థితి అందులో రాసేవాడు. మన జ్వరాల రిజిస్టర్లో లేని గడి ఇదే.

పెద్ద ఆస్పత్రులు ఈ మాట వినలేదు. 1911లో ఆయన సొంతంగా చిన్న ఆస్పత్రి తెరిచాడు. 1916 వరకు 337 మందికి వైద్యం చేసి, అందులో జరిగిన 123 పొరపాట్లను తానే లెక్కగట్టి పుస్తకంగా అచ్చు వేయించాడు. తెలియక చేసినవేవి, అంచనా తప్పి చేసినవేవి, జబ్బును సరిగా పోల్చుకోలేక చేసినవేవి అని విడదీసి రాశాడు. తన తప్పు తానే అచ్చు వేసుకునే డాక్టర్ ఎంతమంది ఉంటారు?

1915లో ఒక సభలో, డబ్బు మీదే తప్ప ఫలితం మీద ధ్యాస లేని వైద్యాన్ని వెక్కిరిస్తూ ఒక కార్టూన్ బొమ్మ ప్రదర్శించాడు. దాంతో తోటి డాక్టర్లు దూరమయ్యారు, పదవి పోయింది. ఆయన సమాధి మీద చాలాకాలం పేరు చెక్కిన రాయి కూడా లేదు. 2014లో డాక్టర్ల సంఘాలు పూనుకొని రాయి పెట్టించాయి.

స్వీడన్ ఏం చేసింది?

అరిగిపోయిన కీలు తీసేసి కృత్రిమ కీలు అమర్చే ఆపరేషన్ గురించి వినే ఉంటారు. స్వీడన్ దేశపు ఎముకల డాక్టర్లు 1975లో మోకాలి కీళ్లకు, 1979లో తుంటి కీళ్లకు దేశమంతటికీ కలిపి రిజిస్టర్లు మొదలుపెట్టారు. ఏ కీలు, ఏ పద్ధతిలో అమర్చారు, మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చిందా అని రాస్తూ పోయారు.

ఈ లెక్కల వల్ల బయటపడినవాటిలో సిమెంటు సంగతి ఒకటి. ఇది ఇళ్లు కట్టే సిమెంటు కాదు, కీలును ఎముకకు పట్టించే వేరే పదార్థం. ఎముక లోపలి భాగాన్ని నీటి ధారతో శుభ్రంగా కడిగి, ఒత్తిడితో సిమెంటు నింపిన చోట కీళ్లు ఎక్కువకాలం నిలిచాయని తేలింది. ఆ పద్ధతి దేశమంతా పాకింది. ఇది నాన్నకు చెబితే నవ్వాడు. "గోడ మీద దుమ్ము కడగకుండా ప్లాస్టరింగ్ చేస్తే ఊడి రాదూ!" అన్నాడు.

ఎందరిలో ఎందరు?

ఇక్కడ కొంచెం లెక్కలు. ఉదాహరణకు ఒక డాక్టర్ ఏడాదిలో ఒక రకం కీలు 20 మందికి అమర్చారనుకుందాం. ఇద్దరికి చెడిపోయింది. అది కీలు లోపమా, యాదృచ్ఛికమా? 20 మందిని చూసి చెప్పలేం. అదే దేశమంతటా 5,000 మందిలో 500 మందికి చెడిపోయి, మరో రకంలో 5,000కు 150 మందికే చెడిపోతే ఇక అనుమానించాల్సిందే. శాతం చూస్తే మొదటి డాక్టర్‌దీ పదే, దేశానిదీ పదే. బలం శాతంలో లేదు, కింద ఉన్న సంఖ్యలో ఉంది. పరీక్షకు కూడా ఇది గుర్తుంచుకోండి.

ఇంకో జాగ్రత్త ఉంది. ముసలివాళ్లు, ప్రాణాపాయంలో ఉన్నవాళ్లు ఎక్కువగా వచ్చే ఆస్పత్రినీ, తేలిక కేసులే తీసుకునే ఆస్పత్రినీ ఒకే తక్కెడలో తూచకూడదు. వయసు, జబ్బు తీవ్రత లెక్కలోకి తీసుకున్నాకే పోల్చాలి.

రిజిస్టర్ లేకపోతే?

జాన్సన్ అండ్ జాన్సన్ వారి డీప్యూ కంపెనీ ఏ.ఎస్.ఆర్. అనే తుంటి కీలు తయారుచేసింది. లోహం మీద లోహం రాసుకొని కోబాల్ట్, క్రోమియం రేణువులు ఒంట్లోకి చేరేవి. ఆస్ట్రేలియాలో 1999 నుంచి రిజిస్టర్ ఉంది. ఈ కీలు మిగతావాటికంటే ఎక్కువగా చెడిపోతోందని ఆ రిజిస్టరే 2007 నాటికి పట్టుకుంది. 2009లో అక్కడ, 2010 ఆగస్టులో ప్రపంచమంతటా దాన్ని వెనక్కి తీసుకున్నారు.

మన దేశంలో దాదాపు 4,700 ఆపరేషన్లలో ఈ కీలు వాడారు. కేంద్ర ప్రభుత్వం వేసిన నిపుణుల కమిటీ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం వారిలో 3,600 మందికి పైగా జాడ తెలియలేదు. ఒంట్లో ఉన్న కీలు ప్రమాదమని చెప్పడానికి కూడా మనిషి దొరకలేదు. ఒక్క గడి రాయకపోతే జరిగే నష్టం ఇది.

మనం చేయగలిగింది

మన హాస్టల్ రిజిస్టర్లో ఐదో గడి గీయండి. మాత్ర ఇచ్చిన మూడు రోజులకు వెళ్లి "తగ్గిందా?" అని అడిగి రాయండి. గజ్జి మందు రాసుకున్నవాడికి నెల తిరక్కుండా మళ్లీ వస్తే, అదే గదిలో ఇంకెవరికి వచ్చిందో చూడండి. అప్పుడు లోపం మందుదా, కలిపి వాడే దుప్పట్లదా అనేది మీకే తెలుస్తుంది. వార్డెన్ సార్‌కు అర్జీ పెట్టేటప్పుడు "చాలామందికి" అని రాయకండి, "42 మందిలో 17 మందికి" అని రాయండి. ఆ అర్జీని పక్కన పడేయడం కష్టం. ఒకటి మాత్రం మరవద్దు: ఎవరి జబ్బునూ నలుగురిలో చదవకూడదు. రిజిస్టర్ బీరువాలోనే ఉండాలి.

మీలో కొందరు డాక్టర్లు అవుతారు, కొందరు నర్సులు, ఫార్మసిస్టులు, గుమాస్తాలు అవుతారు. ఎక్కడ కూర్చున్నా మీ చేతికి ఒక రిజిస్టర్ వస్తుంది. డిశ్చార్జి అని రాసి మూసేసే ముందు మా నాన్నను ఒక్కసారి తలచుకోండి. ఏడాది తర్వాత ఆయన ఎలా నడుస్తున్నాడో కనుక్కోండి.